గాలి తీసుడు అల్కనే... మళ్ళీ నింపేదెట్లా? బండికి కంప్రెసర్ ఎంచుకునే ముందు ఇది వినండి

నా వెనకాల కనిపిస్తున్నది రంగనాయక సాగర్ కట్ట. నేనిప్పుడు సిద్దిపేట జిల్లా చంద్లాపూర్‌లో ఉన్నా. ఇది మా అత్తగారి ఊరు. 2020 ఏప్రిల్‌లో ఈ రిజర్వాయర్‌లోకి గోదావరి నీళ్ళు వచ్చినప్పటి నుంచి ఆదివారమైతే చాలు, జనం సెల్ఫీల కోసం కట్ట మీదికి వస్తారు. మేం మాత్రం ఈరోజు సెల్ఫీ కోసం రాలేదు. పోయిన ఎండాకాలం ఇక్కడికి దగ్గర్లోనే నా పరువు పోయింది. ఆ కథ చెప్పి, దాని నుంచి నేర్చుకున్నది మీకు చెప్దామని వచ్చా.

టాపిక్ ఏంటంటే, థార్, జిమ్నీ, గూర్ఖా లాంటి బండ్లతో ఆఫ్‌రోడ్ పోయేవాళ్ళు టైర్లలో మళ్ళీ గాలి నింపుకోవడానికి బండిలో ఏం పెట్టుకోవాలి? చిన్న పంపా, పెద్ద కంప్రెసరా, గ్యాస్ సిలిండరా? చాలామంది ఇన్‌బాక్స్‌లో "అన్నా, ఏది కొనమంటావ్?" అని అడుగుతున్నారు. ముందు జరిగింది వినండి, ఏది కొనాలో మీకే అర్థమవుతుంది.

మా బామ్మర్దికి జిమ్నీ ఉంది, నాకు థార్ ఉంది. ఇద్దరం కలిసి చెరువు శిఖంలోకి దిగాం. నీళ్ళు లేవు, పైన ఎండిపోయి పర్రెలు పడ్డది, లోపల మాత్రం మెత్తగా ఉంది. దిగే ముందు పద్ధతిగా టైర్లలో గాలి తీశాం. 30 నుంచి 14 పీఎస్ఐ దాకా. గాలి తీస్తే టైరు పరుచుకుంటుంది, నేలకు ఎక్కువ ఆనుతుంది, మెత్తటి నేలలో దిగబడకుండా పోతుంది. ఇదంతా మీకు తెలిసిందే.

అయినా జిమ్నీ దిగబడింది. వీల్ చుట్టూ మట్టి తీద్దామని మా బామ్మర్ది చేతులతో తోడుతున్నాడు. మట్టిలో ఎవరో తాగి పడేసిన బీరు సీసా పెంకు ఉంది. అరచెయ్యి లోతుగా తెగింది. నా టవల్ చుట్టాం, రెండు నిమిషాల్లో టవల్ ఎర్రగా అయిపోయింది.

థార్‌ను గట్టు మీదికి తెచ్చా. సిద్దిపేట పోవాలి, కుట్లు వేయించాలి. 14 పీఎస్ఐతో తారు రోడ్డు మీద స్పీడుగా పోతే టైరు గోడలు మడతపడి వేడెక్కుతాయి, మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు కూడా. అందుకని నా దగ్గరున్న చిన్న పంపు తీశా. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 150 పీఎస్ఐ అని రాసి ఉంది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టి స్విచ్ వేశా. ఒక్క టైరుకు ఎనిమిది నిమిషాలు పట్టింది. అదే వైపు రెండో టైరు అయ్యేసరికి పంపు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. మూడోదానికి పెట్టి స్విచ్ వేయగానే సాకెట్ ఫ్యూజ్ పోయింది.

ఇప్పుడు నా బండి పరిస్థితి చూడండి. కుడి వైపు రెండు టైర్లు 30, ఎడమ వైపు రెండు 14. అన్నీ 14 ఉన్నా మెల్లగా పోయేవాణ్ణి. ఒక వైపు గట్టిగా, ఒక వైపు మెత్తగా ఉంటే బ్రేక్ వేసినప్పుడల్లా బండి పక్కకు గుంజుతుంది. లక్షలు పోసి కొన్న బండ్లు రెండున్నాయి, రెండూ పనికిరావు. చివరికి మక్క చేనుకు నీళ్ళు పెట్టడానికి వచ్చిన ఒక కాక, తన పాత స్ప్లెండర్ మీద మా బామ్మర్దిని ఎక్కించుకొని దవాఖానకు తీసుకుపోయాడు. పోతూ పోతూ మా బామ్మర్ది, "బావా, అమ్మకు నువ్వే చెప్పు" అన్నాడు. కోసుకుపోయిన చెయ్యి ఆయనది, వణికింది మాత్రం నేను.

అప్పుడు మొరం పోసి వస్తున్న ఒక టిప్పర్ ఆగింది. డ్రైవరన్న దిగాడు, నా పంపును చూశాడు, ఏం మాట్లాడలేదు. సీటు వెనకాల నుంచి పొడుగు పైపు తీసి ఒక కొస తన ఎయిర్ ట్యాంకుకు బిగించాడు, ఇంకో కొస నా టైరుకు పెట్టాడు. మిగిలిన రెండు టైర్లూ నిండటానికి మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పైపు చుట్టుకుంటూ అన్నాడు, "తమ్మీ, బండి కొన్నవ్ గని గాలి కొనలే."

ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క మాట మీదనే. మా బామ్మర్దికి నాలుగు కుట్లు పడ్డాయి, చెయ్యి బాగైంది. అత్తమ్మ మాత్రం ఇప్పటికీ నా బండి ఎక్కదు.

సరే. ఆ టిప్పర్‌లో ఏముంది, నా పంపులో ఏం లేదు? పెద్ద లారీల బ్రేకులు గాలితో పని చేస్తాయి. అందుకోసం ఇంజన్‌కే ఒక కంప్రెసర్ ఉంటుంది, ట్యాంకుల్లో సుమారు 8 బార్, అంటే 115 పీఎస్ఐ చుట్టుపక్కల గాలి ఎప్పుడూ నిండి ఉంటుంది. నా పంపు డబ్బా మీద 150 ఉంది కదా! లెక్క ప్రకారం నాదే పెద్దది కావాలి. కాదు. ఎందుకంటే పీఎస్ఐ ఒత్తిడిని చెప్తుంది, ఎంత గాలి వస్తుందో చెప్పదు.

మన ఊళ్ళో ఏ రైతునైనా అడగండి. బోరు మోటరు కొనేటప్పుడు రెండు చూస్తాడు. ఎంత లోతు నుంచి ఎత్తుతది, ఎన్ని నీళ్ళు పోస్తది. ఒకటే చూసి కొంటే నీళ్ళు పైకి వస్తాయి కానీ మడి పారదు. బావిలో బండ కొట్టే కంప్రెసర్ ట్రాక్టర్ను చూశారా? దాని ఒత్తిడి నా పంపు డబ్బా మీద రాసిన దానికంటే తక్కువే. అయినా బండను తొలుస్తుంది, ఎందుకంటే గాలి ధారగా వస్తుంది. అంతెందుకు, ఇదే రంగనాయక సాగర్‌కు నీళ్ళెత్తే పంపుహౌస్‌లో ఒక్కొక్కటి 134 మెగావాట్ల మోటర్లు నాలుగున్నాయి. పైకెత్తితే సరిపోదు కాబట్టి, పారేటంత రావాలి కాబట్టి. మనం మాత్రం కంప్రెసర్ దగ్గరికొచ్చేసరికి డబ్బా మీద పీఎస్ఐ ఒక్కటే చూసి కొంటాం. మన టైరుకు కావాల్సింది 30, 35. 150తో మనకేం పని?

చూడాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి. అది కూడా ఉత్తగా తిరిగేటప్పుడు కాదు, టైరు ఒత్తిడి ఎదురుగా ఉన్నప్పుడు, అంటే 30 పీఎస్ఐ దగ్గర ఎన్ని లీటర్లు? మంచి కంపెనీలు ఈ రెండు అంకెలూ వేరువేరుగా ఇస్తాయి.

ఇప్పుడు చిన్న లెక్క. థార్‌లో 245/75 ఆర్16 సైజు టైరు ఉంటే, దాని లోపల చోటు సుమారు 70 లీటర్లు. జిమ్నీ 195/80 ఆర్15 అయితే 45 నుంచి 50. గుర్తు పెట్టుకోవడం ఈజీ. సుమారు 15 పీఎస్ఐ పెంచాలంటే టైరు లోపల ఎంత చోటుందో అంత బయటి గాలి పట్టాలి. అంటే 15 నుంచి 30కి తేవాలంటే థార్‌కు ఒక్కో టైరుకు 70 లీటర్లు, నాలుగింటికి 280 లీటర్లు.

ఈ 280ని పట్టుకొని ఒక్కో ఆప్షన్ చూద్దాం.

మొదటిది, సాకెట్‌లో పెట్టే చిన్న పంపు, లేదంటే చేతిలో పట్టే బ్యాటరీ పంపు. ఒత్తిడి మీద నిమిషానికి పది, పన్నెండు లీటర్లు ఇస్తే గొప్ప. 280ని 12తో భాగించండి, 23 నిమిషాలు. అది కూడా మధ్యలో ఆగకుండా పోతే. ఆగుతుంది, నా పంపును చూశారు కదా. పంక్చర్ అయినప్పుడు నాలుగైదు పీఎస్ఐ పెంచుకోవడానికి ఇది మంచిదే. ఊళ్ళో కారుకు చాలు. గాలి తీసి శిఖంలోకి దిగేవాడికి చాలదు. ఇంకోటి, బ్యాటరీ పంపును మే నెలలో డ్యాష్‌బోర్డ్ మీద ఎండకు వదిలేయకండి, లిథియం బ్యాటరీకి ఆ వేడి పడదు.

రెండోది, బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టే 12 వోల్టుల మెటల్ కంప్రెసర్, ఒక సిలిండర్‌ది. ఒత్తిడి మీద 40 లీటర్లు ఇచ్చేది అనుకోండి. టైరుకు రెండు నిమిషాల లోపే, నాలుగింటికి ఏడు నిమిషాలు. బండి నుంచి బండికి మార్చుకోవచ్చు, ఇంట్లో ట్రాక్టర్ టైరుకు కూడా పనికొస్తుంది.

మూడోది, బండికే బిగించే రెండు సిలిండర్ల 12 వోల్టుల కంప్రెసర్. 1975లో ఆస్ట్రేలియాలో మొదలైన ఏఆర్‌బీ కంపెనీది ఈ రకంలో బాగా తెలిసిన పేరు. ఆ కంపెనీ ఇచ్చే లెక్క ప్రకారం 29 పీఎస్ఐ దగ్గర కూడా నిమిషానికి 130 లీటర్ల దాకా వస్తుంది. టైరుకు అర నిమిషం. కానీ ఖరీదు ఎక్కువ, కరెంటు కూడా 50 ఆంపియర్లు దాటి తాగుతుంది. ఎయిర్ లాకర్లు, అంటే గాలితో డిఫరెన్షియల్‌ను లాక్ చేసే సెటప్ వేయించుకున్నవాళ్ళకు బండిలో కంప్రెసర్ ఎలాగూ తప్పదు. గుంపుగా పోయి నాలుగైదు బండ్లకు గాలి పెట్టేవాడికి కూడా ఇదే. నెలకోసారి పోయేవాడికి మాత్రం ఈ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కోమంటా.

నాలుగోది, ఇంజన్ బెల్ట్‌తో తిరిగే కంప్రెసర్. అమెరికాలో జీపులోళ్ళు పాత యార్క్ ఏసీ కంప్రెసర్లను ఇట్లా వాడేవాళ్ళు. అందులో ఆయిల్ దానిదే దానికి ఉంటుంది కాబట్టి కుదిరింది. ఇప్పటి కార్ల ఏసీ కంప్రెసర్లకు ఆయిల్ గ్యాసుతో పాటే తిరుగుతుంది. దాన్ని తెచ్చి గాలికి వాడితే ఆయిల్ అందక పట్టేస్తుంది. అందకుండా పోవద్దని ఆయిల్ పోస్తే అది గాలితో కలిసి టైర్లలోకి పోతుంది, దాన్ని ఆపడానికి ఇంకో ఫిల్టర్ కావాలి. మన దగ్గర ఏసీ లేని పాత మహీంద్రా జీపులకు ఇంజన్ పక్కన చోటుంటుంది, మంచి మెకానిక్ ఉంటే చేసుకోవచ్చు. కొత్త థార్‌లో చోటు లేదు. ఉన్న ఏసీ తీసేసి మే నెలలో సిద్దిపేటలో తిరుగుతా అంటే మీ ఇష్టం.

ఐదోది, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్. విదేశీ వీడియోల్లో చూసి చాలామంది అడుగుతున్నారు. నిజమే, ఇది స్పీడు. కరెంటు అక్కర్లేదు, మోటర్ లేదు. ఒక కేజీ ద్రవం గ్యాస్‌గా మారితే 500 లీటర్ల పైనే అవుతుంది. 5 కేజీల సిలిండర్‌తో థార్ నాలుగు టైర్లను ఎనిమిది తొమ్మిది సార్లు నింపొచ్చు. కానీ మన దగ్గర ఒక చిక్కుంది. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే ఎంత ఒత్తిడి పెట్టినా ద్రవంగా ఉండదు. ఆ పైన వేడి పెరిగే కొద్దీ సిలిండర్‌లో ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఎండలో మూసిపెట్టిన బండి లోపల 31 ఎక్కడ, మన వేడి ఎక్కడ! సేఫ్టీ డిస్క్ పగిలి గ్యాస్ అంతా ఒక్కసారి క్యాబిన్‌లోకి వస్తే ఊపిరాడదు. కాబట్టి టెస్ట్ చేసిన, ముద్ర ఉన్న సిలిండరే, కొలత ప్రకారమే నింపించి, గట్టిగా కట్టి, నీడకు పెట్టాలి. ఇవన్నీ పాటించే ఓపిక లేకపోతే దీని జోలికి పోకండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. వెల్డింగ్ షాపులో ఉన్న ఆక్సిజన్ సిలిండర్‌తో టైరు నింపుదామని ఎవరైనా అంటే అక్కడ నిలబడకండి. ఆక్సిజన్‌కు ఆయిల్, రబ్బరు, వేడి కలిస్తే పేలుతుంది. అట్లాగే రిమ్ము నుంచి ఊడిన టైరును పెట్రోల్ పోసి, అగ్గిపెట్టి ఎక్కించే వీడియోలు చూసి ట్రై చేయకండి.

"అన్నా, చిన్న పంపుకే ఒక ట్యాంకు పెట్టుకుంటే?" అని కూడా అడిగారు. లెక్క చూడండి. 10 లీటర్ల ట్యాంకును 8 బార్ దాకా నింపారు. టైరులోకి పోతూ పోతూ అది 2 బార్‌కు వచ్చేసరికి బయటికొచ్చింది 60 లీటర్లు. థార్ టైరు ఒక్కటి కూడా నిండలేదు. ట్యాంకు లాకర్లకు, దుమ్ము కొట్టుకోవడానికి బాగుంటుంది. కుండ పెద్దదైతే ఏం లాభం, నింపే చేద చిన్నదైనప్పుడు? లారీలో పని చేసేది ట్యాంకు ఒక్కటే కాదు, వెనకాల ఇంజన్ కంప్రెసర్ ఆగకుండా నింపుతూ ఉంటుంది.

ఇప్పుడు రెండో అంకె. డ్యూటీ సైకిల్. అంటే కంప్రెసర్ ఎంతసేపు తిరగొచ్చు, ఎంతసేపు ఆగాలి అని. 33 శాతం అంటే పది నిమిషాలు తిరిగితే ఇరవై నిమిషాలు ఆపాలి. ఈ అంకెను చాలా కంపెనీలు చల్లటి గదిలో కొలుస్తాయి. మన దగ్గర నడి ఎండలో, వేడి బానెట్ కింద అదే అంకె రాదు. అందుకని కావాల్సిన టైమ్ ఎంతో లెక్కేసుకొని, దానికి రెట్టింపు తిరగగలిగేది తీసుకోండి.

మూడోది వైరు. నా కథలో పోయింది ఇదే. సాకెట్ ఫ్యూజ్ మామూలుగా 10 నుంచి 20 ఆంపియర్లు. 30 ఆంపియర్ల కంప్రెసర్‌ను అందులో పెడితే ఫ్యూజ్ పోతుంది, పోవాలి కూడా. పోయిందని పెద్ద ఫ్యూజ్ వేశారనుకోండి, ఈసారి కాలేది ఫ్యూజ్ కాదు, వైరు. బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు, బ్యాటరీ దగ్గరే సరైన ఫ్యూజ్, నింపేటప్పుడు ఇంజన్ ఆన్‌లో. కంపెనీ వైరింగ్‌ను మధ్యలో కోసి అతుకులు వేయించకండి, రేపు వారంటీ దగ్గర మాట పడాల్సి వస్తుంది.

బండికి బిగించేటట్టయితే ఎక్కడ? బానెట్ కింద చోటుంటుంది కానీ వేడి. కింద వైపు అయితే బురద, నీళ్ళు. సీటు కిందో, వెనకాల డిక్కీలోనో మేలు, గాలి ఆడేటట్టు ఉండాలి. గాలి పీల్చే ఫిల్టర్ దుమ్ముకు దూరంగా, ఎత్తులో పెట్టండి. కంప్రెసర్ తలకాయ నుంచి వచ్చే మొదటి పైపు ముక్క వేడికి కరగకుండా స్టీలు అల్లికది ఉండాలి. ఇంకొకటి, గాలి పోతున్నప్పుడు గేజ్ ఎక్కువ చూపిస్తుంది. ఆపి చూసిందే అసలు రీడింగ్.

మరి నేనేం తీసుకున్నా? రెండు సిలిండర్ల దాని మీద మనసు పడ్డా, నిజం చెప్తున్నా. లెక్కేసుకున్నాక రెండో రకం తీసుకున్నా. ఒక సిలిండర్‌ది, మెటల్ బాడీ, డిక్కీలో ఒక పెట్టెకు బిగించా. బ్యాటరీ నుంచి వేరే వైరు, 40 ఆంపియర్ల ఫ్యూజ్. థార్‌కు ఏడు నిమిషాలు, కాసేపు ఆపి, జిమ్నీకి ఐదు. మా రెండు బండ్లకు అది చాలు. దానితో పాటు పాత కాలి పంపు ఒకటి. అది కాలదు, దానికి ఫ్యూజ్ లేదు. ఒక ఫస్ట్ ఎయిడ్ డబ్బా, మట్టి తోడటానికి పార, చేతులకు తోలు గ్లౌజులు. ఇవి ముందే ఉండుంటే అసలు ఈ కథే లేదు.

వీడియో ఆపేసి ఏదో ఒకటి ఆర్డర్ పెట్టే ముందు ఒక పని చేయండి. ఇంటి దగ్గరే, పగటి పూట, ఒక్క టైరులో గాలి 15కు తీయండి. మీ దగ్గరున్న పంపుతో నింపండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి. వచ్చిన టైమ్‌ను నాలుగుతో గుణించండి. అంతసేపు, చీకటి పడుతుండగా, పక్కన మనవాడి చెయ్యి కారుతుండగా ఆగగలరా అని అడగండి. ఆగగలను అనుకుంటే కొత్తది కొనకండి, డబ్బులు మిగిలాయి. ఆగలేను అనుకుంటే ఏం కొనాలో ఇప్పుడు మీకు తెలుసు.

ఇంకో చిన్న మాట. చెరువులో, కాలువ కట్ట మీద, ఎవరి చేనులోనూ అడగకుండా బండి దింపకండి. సీసాలు పడేయకండి. ఆ పెంకు ఎవరి చేతికి గుచ్చుకుంటుందో తెలియదు.

ఆ టిప్పర్ అన్న పేరు కూడా ఆరోజు అడగలేదు. ఈ వీడియో ఆయన దాకా చేరితే, అన్నా, గాలి కొన్నా. ఇప్పుడు నా బండిలో కూడా పైపు ఉంది, కొంచెం పొడుగుదే తీసుకున్నా. దారిలో ఎవరైనా ఆగిపోతే వాళ్ళ టైరు దాకా అందాలి కదా.